మేడమ్ వేయమన్న అంకె

డిగ్రీ చివరి ఏడాదిలోకి వెళ్లబోతున్న ఒక అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరాన్ని కుదించి మీ ముందు పెడుతున్నాను.

ఆమె వేసవి సెలవుల్లో ఒక మార్కెటింగ్ ఏజెన్సీలో ఇంటర్న్‌గా చేరారు. ఎనిమిది వారాలు. ఇరవై మంది కూడా లేని చిన్న ఆఫీసు. బాబాయి స్నేహితుడు ఒక మాట చెప్తే దొరికిన అవకాశం కాబట్టి ఇంట్లో అందరికీ సంబరమే. చేరేముందు ఆమె ఊహ ఒకటి: బోర్డు చుట్టూ నలుగురు చేరి ఐడియాలు చెప్పుకోవడం, రాత్రికి రాత్రి ప్రచారం తయారైపోవడం. చేస్తున్న పని ఇంకొకటి: పోటీ బ్రాండ్ల పోస్టులకు స్క్రీన్‌షాట్లు తీయడం, కంటెంట్ క్యాలెండర్‌లో గడులు నింపడం, ప్రచారం లెక్కలు చూపించే డ్యాష్‌బోర్డులో కనిపించే అంకెల్ని స్లైడ్లలోకి ఎక్కించడం. సాయంత్రం ఆరున్నరకి పని అయిపోయినా, ఎవరూ లేవడం లేదని తను కూడా ఎనిమిదిన్నర దాకా కూర్చుంటున్నారు.

మూడో వారంలో ఒక పిచ్ (క్లయింట్ పని దక్కించుకోవడానికి చూపించే ప్రతిపాదన) కోసం అందరూ ట్యాగ్‌లైన్లు రాస్తుంటే, ఈమె కూడా పదకొండు రాసి గ్రూపులో పెట్టారు. అందులో ఒకటి, ఒక్క మాట మార్పుతో, క్లయింట్‌కి చూపించిన స్లైడ్ల కట్టలో, అదే డెక్‌లో, ప్రత్యక్షమైంది. రాసింది ఫలానా వాళ్లని ఎవరూ అనలేదు.

అసలు చిక్కు ఐదో వారంలో వచ్చింది. ఒక క్లయింట్‌కి నెలవారీ రిపోర్టు తయారుచేసే పని ఈమెకి ఇచ్చారు. డ్యాష్‌బోర్డులో రీచ్ (ఎంతమందికి కనిపించింది) 96 వేలు, ఇంప్రెషన్స్ (మొత్తం ఎన్నిసార్లు కనిపించింది) 4 లక్షల 10 వేలు. ఆ క్లయింట్ పని చూసుకునే అకౌంట్ మేనేజర్ (“పేరు పెట్టి పిలవమంటుంది, నాకు నోరు రాక మేడమ్ అంటున్నాను”) మొదటి స్లైడ్ మీద పెద్దక్షరాల్లో “4.1 లక్షల మందికి చేరాం” అని వేయమన్నారు. అది ఇంప్రెషన్స్ కదా మేడమ్ అంటే, “వాళ్లకి అంత తేడా తెలీదులే, అందరూ ఇలాగే వేస్తారు” అని నవ్వేశారు. దానితోపాటు బార్ గ్రాఫుని సున్నా నుంచి కాకుండా మధ్యలోంచి మొదలుపెట్టించారు, పెరుగుదల బాగా కనిపిస్తుందని. ఆ మేడమ్ చెడ్డమనిషి కాదట. ఈమెకి ఒంట్లో బాగాలేని రోజున తనే ఆటో ఎక్కించి ఇంటికి పంపారట. చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం రావాలంటే ఆవిడ చెప్పే మాటే కీలకం. రిపోర్టు వచ్చే శుక్రవారం వెళ్తుంది. ఉత్తరం చివర్లో చిన్నక్షరాలతో ఇంకో సంగతి: పక్క టీమ్ ఇంటర్న్‌తో నకిలీ రివ్యూలు రాయిస్తున్నారని విన్నారట.

“మాట్లాడితే ఉద్యోగం పోతుంది. మాట్లాడకపోతే నా మొహం నేనే చూసుకోలేను. మధ్యలో బాబాయి పరువు ఒకటి. మానేసి ఇంటికొచ్చేయనా?” ఇదీ ప్రశ్న.

*

ముందు ఒక సంగతి. మీ ఉత్తరంలో మూడు బాధలు ఉన్నాయి. మూడింటినీ ఒకే గంపలో వేసి మోస్తున్నారు కాబట్టి బరువు ఎక్కువగా ఉంది. పని విసుగ్గా ఉండటం, ట్యాగ్‌లైన్‌కి పేరు రాకపోవడం, రిపోర్టులో అంకె తారుమారు కావడం. మొదటిది అన్యాయం కాదు. రెండోది సగం అన్యాయం. మూడోది తప్పు, అయితే మీరు భయపడుతున్నంత పెద్ద యుద్ధం అక్కర్లేకుండా సర్దుకునే తప్పు.

విసుగు గురించి రెండు ముక్కలు చాలు. స్క్రీన్‌షాట్లు తీసే పని ప్రతి ఏజెన్సీలోనూ ఎవరో ఒకరు చేస్తారు, ఆ ఎవరో సాధారణంగా కొత్తగా వచ్చినవాళ్లే. నేనూ తీశాను. ఎనిమిదిన్నర దాకా కూర్చోవడం మాత్రం మానేయండి. పని అయిపోయాక “ఇంకేమైనా ఉందా, లేకపోతే బయల్దేరతాను” అని అడిగి లేవండి. మీరు వెళ్తే ఎవరో ఏదో అనుకుంటారని మీరు కూర్చున్నట్టే, వాళ్లలో సగం మంది మిమ్మల్ని చూసి కూర్చుని ఉంటారు.

ట్యాగ్‌లైన్ సంగతి. బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఈ వృత్తిలో ప్రకటన కింద రాసినవాళ్ల పేరు ఉండదు. ప్రపంచమంతా తెలిసిన “ఎ డైమండ్ ఈజ్ ఫరెవర్” అన్న వాక్యాన్ని 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే కాపీ రైటర్ (ప్రకటనల్లో మాటలు రాసేవారు) రాశారు. ఎన్.డబ్ల్యూ. ఏయర్ అనే ఏజెన్సీ ఉద్యోగిని ఆవిడ. ఆ వాక్యం డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ ప్రకటనల్లో దశాబ్దాలపాటు కనిపించింది, దాని పక్కన ఆవిడ పేరు లేదు. ఉద్యోగంలో భాగంగా రాసింది సంస్థకే చెందుతుందని చాలాచోట్ల ఒప్పంద పత్రంలోనే ఉంటుంది. మీరు చేరిన రోజు సంతకం పెట్టిన కాగితం ఒకసారి తీసి చదవండి, ఇంటర్న్‌ల విషయంలో ఏం రాశారో.

అన్యాయం సగమే అన్నాను. ఆ సగం ఏమిటంటే, ప్రకటన కింద పేరు ఉండకపోయినా ఆఫీసులో “ఆ లైను ఈ అమ్మాయిది” అని నలుగురికీ తెలియాలి. అది మీకు రావాల్సినదే. అడగండి, అయితే ఫిర్యాదులా కాదు. “ఆ డెక్‌లో వాడిన లైను నేను పంపిన పదకొండింట్లో ఏడోది కదా, దాన్నే ఎందుకు ఎంచుకున్నారో తెలుసుకోవాలని ఉంది” అంటే చాలు. రాసింది మీరేనని గుర్తుచేసినట్టూ ఉంటుంది, పని నేర్చుకున్నట్టూ ఉంటుంది. క్లయింట్ ఆ లైను ఒప్పుకుని అది బయటికొచ్చాక, మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పిచ్‌లోనే ఆగిపోతే మాత్రం బయట చూపించకండి. గెలవని పిచ్ కూడా రహస్యమే.

ఇక అంకె.

మేడమ్ అన్న మాటలో కొంత నిజం ఉంది, ముందు అది ఒప్పుకుందాం. ఈ రంగంలో కొలతలు నిలకడగా ఉండవు. వీడియో “వ్యూ” అన్న ఒక్క మాటనే తీసుకోండి. యూట్యూబ్‌లో స్కిప్ చేయగలిగే ప్రకటనకి వ్యూ లెక్క పడాలంటే మనిషి 30 సెకన్లు చూడాలి, ప్రకటన అంతకన్నా చిన్నదైతే చివరిదాకా చూడాలి, లేదా దాని మీద నొక్కాలి. అదే యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలైతే చాలు, మళ్లీ మొదటికొచ్చి ఆడినా ఇంకో వ్యూ. ప్రకటనల కొలతకి ప్రమాణాలు పెట్టే సంస్థల లెక్కలో, వీడియో ప్రకటన కనీసం సగం భాగం తెర మీద వరుసగా 2 సెకన్లు కనిపిస్తే “చూడగలిగే స్థితిలో ఉంది” అన్నట్టే. ఫేస్‌బుక్ అంతటిది కూడా వీడియోల సగటు వీక్షణ సమయాన్ని రెండేళ్లపాటు ఎక్కువ చేసి చూపించామని 2016లో ఒప్పుకుంది. 3 సెకన్లలోపు చూసి వెళ్లిపోయినవాళ్లని సగటులోంచి తీసేసి లెక్కకట్టడం వల్ల వచ్చిన తేడా అది. ఇన్ని మెలికల మధ్య పదేళ్లు పనిచేస్తే, “అంకెలన్నీ ఇంతేలే” అనే ఉదాసీనత రావడం వింత కాదు. మీ మేడమ్‌కి వచ్చింది అదేనని నా అనుమానం. మోసం చేద్దామని కూర్చుని పన్నిన పన్నాగంలా నాకు అనిపించలేదు.

కానీ రీచ్‌కీ ఇంప్రెషన్స్‌కీ మధ్య అలాంటి మెలిక ఏమీ లేదు. రీచ్ అంటే ఎంతమంది. ఇంప్రెషన్స్ అంటే ఎన్నిసార్లు. ఒకే మనిషికి నాలుగుసార్లు కనిపిస్తే రీచ్ ఒకటి, ఇంప్రెషన్స్ నాలుగు. ఆ స్లైడ్‌లో మిగతా అంతా సరే, తప్పంతా “మందికి” అన్న ఒక్క మాటలో ఉంది. అది తీసేసి “4.1 లక్షల సార్లు కనిపించాం” అని రాసి చూడండి. పెద్ద అంకె పెద్దక్షరాల్లో అలాగే ఉంది. అబద్ధం పోయింది.

దీని కింద రెండో వరుస కూడా రాయొచ్చు. 4 లక్షల 10 వేలని 96 వేలతో భాగిస్తే 4.27. అంటే ఒక్కొక్కరికి సగటున నాలుగుసార్లకు పైగా కనిపించారు. దీన్నే ఫ్రీక్వెన్సీ అంటారు, డ్యాష్‌బోర్డులోనే ఉంటుంది. నెలకి నాలుగంటే వారానికి ఒకసారి. గుర్తుండిపోవడానికి ఒకసారి చూస్తే చాలదని క్లయింట్‌కి చెప్పి ఒప్పించగలిగిన మేడమ్‌కి, ఇది 4.1 లక్షల కన్నా మంచి కథ.

మేడమ్ దగ్గరికి వెళ్లేముందు మీ లెక్క మీరు ఒకసారి సరిచూసుకోండి. ఆ 96 వేలు నెల మొత్తానికి తీసినదేనా, లేక నాలుగు వారాల రీచ్‌లు కలిపారా? వారాల రీచ్‌ని కూడకూడదు, ఈ వారం చూసినవాళ్లే వచ్చే వారమూ చూసి ఉంటారు కదా. రెండు వేర్వేరు వేదికల రీచ్‌ని కూడినా అదే పొరపాటు. ఇది నేను పాఠంలా చెప్పడం లేదు, అనుభవించి చెప్తున్నాను. కొత్తలో ఇలాగే నాలుగు వారాలూ కూడి రిపోర్టు ఇచ్చాను. మీటింగ్‌లో క్లయింట్ తరఫు అకౌంటెంట్ ఒకాయన కళ్లజోడు సర్దుకుని, “మనం ఎంచుకున్న జనమే రెండు లక్షలమంది అన్నారు, రెండున్నర లక్షలమందికి ఎలా చేరామమ్మా?” అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. మా మేనేజర్ నా వైపు చూడకుండా గోడ వైపు చూశారు. అంకెలు అర్థంకాని క్లయింట్ అని మనం అనుకునేవాళ్ల పక్కన, అంకెలు మాత్రమే అర్థమయ్యే మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు.

సరే, ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది ఎంచుకున్నా దాని ఖర్చు దానికి ఉంది.

చెప్పినట్టు చేసి ఊరుకోవచ్చు. నిజం చెప్పాలంటే, ఎక్కువగా ఏమీ జరగదు. క్లయింట్ మొదటి స్లైడ్ చూసి బాగుందని తరవాత విషయానికి వెళ్లిపోతారు. ఎప్పుడైనా బయటపడినా ఇంటర్న్‌ని ఎవరూ పట్టుకోరు. కానీ ఆ క్లయింట్ వచ్చే నెల ఎంత ఖర్చుపెట్టాలన్నది ఈ రిపోర్టు చూసి నిర్ణయించుకుంటారు. పైగా వచ్చే నెల 4.1 లక్షల “మంది”ని దాటాలి, ఆ వచ్చే నెల దాన్ని దాటాలి. రిపోర్టు చేసేవాళ్లు మీ స్థానంలో ఇంకొకరు ఉంటారు, వాళ్లకి ఇది మామూలు పద్ధతిగా అందుతుంది. ప్రకటనలు నడిపే యాడ్ అకౌంట్ క్లయింట్‌దే అయితే, ఏదో ఒకరోజు వాళ్లే తెరిచి చూసుకుంటారు కూడా.

రెండోది, నేనైతే మొదట ఇదే ప్రయత్నిస్తాను. రెండు స్లైడ్లు తయారుచేయండి. ఒకటి మేడమ్ చెప్పినట్టు, రెండోది “సార్లు” అని మార్చి, కింద ఫ్రీక్వెన్సీ వరుసతో. నలుగురిలో కాకుండా ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు చూపించండి. “మేడమ్, వాళ్లు అకౌంట్ తెరిస్తే 96 వేలు కనిపిస్తుంది, మీకు ఇబ్బంది అవుతుందేమోనని ఇంకోటి కూడా చేశాను. ఏది పంపమంటారు?” తప్పు అన్న మాట వాడకండి. మొదటిసారి మీరు “అది ఇంప్రెషన్స్ కదా” అన్నప్పుడు ఆవిడ ముందు రెండే దారులున్నాయి, మిమ్మల్ని ఒప్పుకుని పని పెంచుకోవడం లేదా నవ్వేయడం. నవ్వేశారు. ఈసారి పని అయిపోయిన స్లైడ్ చేతిలో ఉంటుంది. శుక్రవారం డెడ్‌లైన్ ముందు ఏ మేనేజర్‌కైనా సిద్ధంగా ఉన్న స్లైడ్‌ని ఒప్పుకోవడం తేలిక. బుధవారంలోపు అడగండి. గురువారం రాత్రి అడిగితే ఎంత మంచి మాటైనా గొడవలాగే వినిపిస్తుంది.

గ్రాఫు సంగతి కూడా ఆ చేత్తోనే సర్దేయండి. బార్ గ్రాఫులో కన్ను పొడవుల్ని పోలుస్తుంది కాబట్టి సున్నా నుంచి మొదలవ్వకపోతే చిన్న తేడా రెట్టింపులా కనిపిస్తుంది. గీత గ్రాఫులో ఆ పట్టింపు అంత లేదు. దాన్ని గీత గ్రాఫుగా మార్చి, పక్కన అంకెలు వేసేయండి. దీని మీద విడిగా చర్చ పెట్టకండి. ఒకరోజు ఒక్క విషయం మీద నిలబడటమే కష్టం.

ఆవిడ అప్పటికీ వద్దంటే? అప్పుడు మీరు చేయగలిగింది, “మొదటి స్లైడ్ మీరు పెట్టేసుకోండి మేడమ్, మిగతావన్నీ నేను చేసేస్తాను” అనడం. చెప్పడానికి చిన్న మాటే, అనడానికి గొంతు పెగలదు, నాకు తెలుసు. ఆ తరవాత కొన్నాళ్లు ఆవిడ ముభావంగా ఉండొచ్చు. ఉద్యోగం విషయంలో మీ గురించి గట్టిగా చెప్పకపోవచ్చు. ఆ నష్టం జరగదని నేను హామీ ఇవ్వలేను. కాకపోతే, ఒక్క మాట మార్చమన్నందుకు చేజారే ఉద్యోగమైతే, అందులో చేరాక ప్రతి నెలా ఇలాంటి స్లైడ్ ఒకటి వేయాల్సి వచ్చేదని కూడా లెక్కలో వేసుకోండి.

యజమాని దగ్గరికి వెళ్లడం మూడో దారి. ఇరవై మంది లేని ఆఫీసులో ఇది మేడమ్‌ని దాటి వెళ్లినట్టే, ఐదు నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది. ఆ పద్ధతి పెట్టింది యజమానే అయి ఉండే అవకాశమూ ఉంది. ఈ ఒక్క స్లైడ్ కోసం నేనైతే వెళ్లను. ఎనిమిదో వారం చివర్లో మీ అనుభవం ఎలా ఉందని ఆయనే అడిగితే, ఎవరి పేరూ ఎత్తకుండా “రిపోర్టుల్లో ఏ అంకె దేన్ని కొలుస్తుందో కింద ఒక వరుస రాస్తే బాగుంటుంది” అనొచ్చు.

నేరుగా క్లయింట్‌కి చెప్పడం మాత్రం వద్దు. గోప్యత కాగితం మీద మీరు సంతకం చేసి ఉంటారు. ఇక్కడ ఎవరి ప్రాణమూ ప్రమాదంలో లేదు. భద్రత కోసమని రిపోర్టు కాపీలు మీ సొంత మెయిల్‌కి పంపుకోవడం కూడా వద్దు, తప్పు అప్పుడు మీ వైపుకి తిరుగుతుంది. ఏ తేదీన ఎవరు ఏమన్నారో మీ నోటుబుక్కులో రెండు వరుసలు రాసుకుంటే చాలు.

చిన్నక్షరాలతో రాసిన నకిలీ రివ్యూల సంగతి వేరే తరహాది. అది మీరు విన్నదే, చూసింది కాదు, కాబట్టి ఎవరి మీదా వేలెత్తకండి. కానీ రేపు ఆ పని మీకే ఇస్తే, ఇక్కడ “మందికి–సార్లు” లాంటి సర్దుబాటు లేదు. వాడని వస్తువు వాడినట్టు రాయడమే అది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే నుంచి, అమెరికాలో 2024 అక్టోబర్ నుంచి నకిలీ రివ్యూల మీద నేరుగా నిషేధమే ఉంది. గూగుల్ లాంటి వేదికలు నియమాల్లో వాటిని ఒప్పుకోవు. “నా సొంత అకౌంట్ నుంచి అలాంటివి రాయలేనండీ” అని అక్కడికక్కడే చెప్పేయండి. దానికోసం పంపించేస్తే వెళ్లిపోండి. మీ మూడు వారాల కన్నా మీ పేరు మీదున్న అకౌంట్ ఎక్కువ కాలం ఉంటుంది.

మానేయనా అన్నారు. మానేయొచ్చు, ఎవరూ కట్టేసి ఉంచలేదు. కానీ మేడమ్‌ని రెండోసారి అడగకుండానే మానేస్తే, ఆవిడ ఏం జవాబిచ్చేవారో మీకెప్పటికీ తెలియదు. బాబాయికి ఇప్పుడే ఫోన్ చేయకండి. ఆయన తన స్నేహితుడికి, ఆ స్నేహితుడు యజమానికి చేస్తారు, ఒక స్లైడ్ కాస్తా రెండు కుటుంబాల వ్యవహారం అవుతుంది. సిఫారసు చేసినవాళ్లు తలుపు తీయించారు, అంతే. లోపల మీరు ప్రతి మాటకీ తలూపాలన్న షరతు అందులో లేదు. ఇంటర్న్‌షిప్ ముగిశాక, ఏం నేర్చుకున్నారో వెళ్లి చెప్పండి. సంతోషిస్తారు.

ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఇంకొకటి కనిపించింది. మీకు ఐడియాల పని కావాలని మొదటి పేజీలో రాశారు. నాలుగు పేజీల్లో రెండున్నర పేజీలు అంకెల గురించే ఉన్నాయి. ట్యాగ్‌లైన్ గురించి ఆరు వరుసలు. ఏ గడిలో ఏ అంకె ఉంది, గ్రాఫు ఎక్కడ మొదలైంది, ఇవన్నీ ఎవరూ అడగకుండానే గమనించారు. ఏజెన్సీల్లో కాపీ రాసేవాళ్లే కాదు, ప్రకటన ఎక్కడ ఎప్పుడు వేయాలో లెక్కవేసే మీడియా ప్లానింగ్, అంకెల్ని విశ్లేషించే ఎనలిటిక్స్ చేసేవాళ్లూ ఉంటారు. మిగిలిన మూడు వారాల్లో ఒక మధ్యాహ్నం వాళ్ల పక్కన కూర్చోనివ్వమని అడిగి చూడండి. నచ్చకపోతే ఒక మధ్యాహ్నమే కదా పోయేది.

ఈ సమాధానం మీకు అందేసరికి ఆ శుక్రవారం దాటిపోయి, స్లైడ్ మేడమ్ చెప్పినట్టే వెళ్లిపోయి ఉండొచ్చు. అలాగైతే తల పట్టుకుని కూర్చోకండి. మీరు వచ్చేసేలోపు వచ్చే నెల రిపోర్టుకి ఖాళీ నమూనా ఒకటి తయారుచేసి మేడమ్‌కి ఇవ్వండి. అందులో “ఎంతమంది”, “ఎన్నిసార్లు” అని రెండు వేర్వేరు గడులు ఉండాలి, అంకె వేసే చోటు ఖాళీగా. మీ తరవాత ఆ కుర్చీలో కూర్చునే ఇంటర్న్ వాటిని నింపుకుంటూ పోతారు.